మఖాతాస్ ఎవరి ముందు వంగాడు

ఎలిమియా కొండలు, హాలియాక్మోన్ నది ఎగువ ఒడ్డు
ద్రాక్షలు తొక్కే రోజులు

తమ్ముడు మఖాతాస్‌కు అన్న అదీమోస్ రాసేది.

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రెల్లు కాగితం కొని చాలా రోజులైంది. మీ వదిన క్లీనో దాని మీద మేకజున్ను ఆరబెట్టింది. ఇవాళ జున్ను తీసేసి, మరక లేని వైపు చూసుకుని కూర్చున్నాను. కూర్చోడానికి కారణం ఉంది. కానీ నా సంగతి నీకు తెలుసు కదా, ఏ కారణం దగ్గరికైనా నేను చుట్టు తిరిగే వస్తాను.

నాకు అక్షరాలు నేర్పింది చచ్చినవాళ్ళు. ఐయాని పట్నం దారిలో సమాధి రాళ్ళుంటాయి చూడు, గొర్రెల్ని అటు తోలుకుపోతూ ఒక్కో రాయి దగ్గర ఒక్కో అక్షరం పట్టాను. అందుకే ఇప్పటికీ ఏది రాయబోయినా "ఓ బాటసారీ, కాసేపు ఆగు" అనే మొదలవుతుంది. నీకు నేర్పింది నేనే కాబట్టి నీదీ అదే రోగం. సముద్రంలో ఉన్న ఆ తూరు పట్నాన్ని పట్టుకున్నాక నువ్వు రాసిన ఉత్తరం చివర "ఇక్కడ నేను ప్రశాంతంగా నిద్రిస్తున్నాను" అని పెట్టావు. మీ వదిన అది విని శోకం అందుకుంది. చచ్చినవాడు ఉత్తరం ఎలా రాస్తాడే అని నేను అడిగాకే ఊరుకుంది.

ఊరు బాగుంది. వానలు పడ్డాయి. తోడేళ్ళు తగ్గాయి, తోడేళ్ళ కంటే మాటకారి ముసలాళ్ళు పెరిగారు. పొద్దున లేస్తే మీ రాజు మాటే. అలెగ్జాండర్ ఏ నది దాటాడు, ఏ కోట ఎక్కాడు, ఇంకా లోకం ఎంత మిగిలింది. నది పేర్లు పలకడం చేతకాక మా నోళ్ళు వంకర్లు పోతున్నాయి. ఒకప్పుడు మనం గొర్రెతోళ్ళు కట్టుకుని, ఇల్లీరియావాడు ఈల వేస్తే కొండెక్కి దాక్కున్న జనం. ఫిలిప్ రాజు వచ్చి మనల్ని కిందికి దించి, చేతికి చెట్టంత ఈటె ఇచ్చి, వరసలో నిలబడటం నేర్పాడు. ఆయన కొడుకు ఆ వరసను భూమి అంచుదాకా నడిపించాడు. కైరోనియా యుద్ధంలో రాకుమారుడికి పద్దెనిమిదేళ్ళు. ఆయన థీబ్స్ వాళ్ళ వరసల్ని చీల్చడం కళ్ళారా చూశామని ఇక్కడ ప్రతివాడూ చెప్తాడు. నేను ఉన్నది కుడివైపు, ఆయన ఎడమవైపు. నేను చూసింది దుమ్ము. కానీ ఎలాంటి దుమ్ము తమ్ముడూ. నా ఎడమ మోకాలు పోయింది ఆ రోజే, అయినా ఆ దుమ్ము తలుచుకుంటే ఇప్పటికీ మోకాలు నొప్పి తగ్గుతుంది.

ఇక కారణం. ఎగువింటి కొర్రాగోస్ తిరిగొచ్చాడు. నీ వరసలోనే నిలబడ్డవాడు. బాక్ట్రియా మంచులో కాలివేళ్ళు రాలిపోతే ఇంటికి పంపించేశారు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కదా, వచ్చిన దగ్గర్నుంచీ ఊరంతా వాడి చుట్టూ మూగింది. అందరూ తాగుతుండగా నన్ను చూడకుండా కప్పులోకి చూస్తూ అన్నాడు.

"మఖాతాస్ నేలకి నుదురు ఆనించాడు. పర్షియావాళ్ళు చేస్తారే, అట్లా బోర్లాపడి. బాక్ట్రా పట్నంలో. రాజు ముందు."

 నీ కళ్ళు తాగున్నాయిరా అన్నాను. "నేను తాగుతా గానీ నా కళ్ళు తాగవు అదీమోస్ అన్నా" అన్నాడు. వాడు నవ్వుతూ అనుంటే తన్నేవాడిని. నవ్వలేదు. అదే నన్ను తినేస్తోంది.

మాసిడోనియా మనిషి రాజును ప్రేమిస్తాడు, రాజు కోసం చస్తాడు, వంగడు. టోపీ తీసి, ఎదురుగా నిలబడి, పేరు పెట్టి పిలిచి మాట్లాడతాడు. ఫిలిప్ రాజుతో నేనొకసారి మాట్లాడాను. "ఫిలిప్, నీ గుర్రం నా కాలు తొక్కుతోంది" అన్నాను. ఆయన గుర్రాన్ని పక్కకు జరిపాడు. నేల మీద పడి విన్నవించుకుని ఉంటే అది నా తల తొక్కేది.

వసంతంలో క్సాందికోస్ పండగ వస్తుంది. నువ్వు ఆ పిలుపు విని పదేళ్ళు కావస్తోంది కాబట్టి గుర్తుచేస్తున్నాను. బలి ఇచ్చిన కుక్క రెండు సగాల మధ్యనుంచి మగవాళ్ళందరం ఈటెలతో నడిచాక, అర్రబయోస్ పెద్దాయన బండ మీదికెక్కి దూరదేశాల్లో ఉన్న సిపాయిల పేర్లు పిలుస్తాడు. బతికున్నవాడి ఇంటివాళ్ళు "ఉన్నాడు" అంటారు. పోయినవాడి ఇంటివాళ్ళు నోరు మెదపకుండా నేల మీద సారాయి పోస్తారు. మూడోది కూడా ఉంది. మన చిన్నప్పుడు డాలు పారేసి పరిగెత్తినవాడి పేరు పిలవకుండా దాటేశారు. వాడి తల్లి నోరు తెరుచుకుని నిలబడిపోవడం నేను మర్చిపోలేదు. ఈసారి నీ పేరు దాటేస్తానని అర్రబయోస్ అంటున్నాడు.

ఒక్క మాట రాయి. వంగావా, వంగలేదా? మిగతాది నేను చూసుకుంటాను.

మీ వదిన నీకు మేజోళ్ళు అల్లింది. అక్కడ ఎండలని చెప్పాను. మంచులో వేళ్ళు పోయాయంటున్నారుగా అంది. అందుకని పంపుతున్నాను.

అదీమోస్

---

సూసా పట్నం
చలి విరుగుతున్న రోజులు

అన్నకు, వదినకు మఖాతాస్ నమస్కారం.

మేజోళ్ళు అందాయి. తెచ్చిన కుర్రసిపాయి దారిలో వాటిని తొడుక్కున్నాడు, మడమ దగ్గర చిరిగాయి. కుట్టించుకున్నాను.

మేము తూర్పున ఎవరూ పోనంత దూరం పోయి తిరిగొచ్చాం. ఏనుగులతో యుద్ధం చేశాం. వర్షంలో రాత్రికి రాత్రి నది దాటి, తెల్లారేసరికి అవతలి ఒడ్డున వరస కట్టాం. ఏనుగంటే కొండ నడిచి వస్తున్నట్టు ఉంటుందని కొర్రాగోస్ చెప్పి ఉండడు, వాడు చూడలేదు. ముందు మా గుర్రాలు బెదిరాయి. మేము బెదరలేదని రాయను. ఈటెలతో మావటివాళ్ళను దించాం. తరవాత గొడ్డళ్ళతో మోకాళ్ళ మీద పడ్డాం. ఏనుగు మోకాలు మన గానుగ దూలమంత ఉంటుంది, చర్మం ముడతలు ముడతలుగా, వెంట్రుకలు ముళ్ళలాగా. ఒక్క వేటుకు ఏమీ కాదు. అది వంగేటప్పుడు ముందు కుడికాలు, తరవాత ఎడమకాలు. మావటి చచ్చి కింద పడితే ఒక ఏనుగు వాడి పక్కన నిలబడి కదల్లేదు. దాన్ని మేమెవరం కొట్టలేదు.

ఇంకో నది దగ్గర మేమే ఆగిపోయాం. ఇక చాలన్నాం. రాజు మూడు రోజులు డేరాలోంచి బయటికి రాలేదు. మేమూ జరగలేదు. నాలుగో రోజు ఆయనే వెనక్కి తిప్పాడు. భూమి మీద ఆయనను ఆపినవాళ్ళెవరని ఎవడైనా అడిగితే, మా ఎలిమియా వాళ్ళూ మిగతా మాసిడోనియా వాళ్ళూ అని చెప్పు.

తరవాత ఎడారి. అది రాయను. ఒక్కటి రాస్తాను. ఎవరో ఎక్కడో కాస్త నీళ్ళు దొరికితే ఇనుపటోపీలో పట్టి రాజుకు తెచ్చారు. ఆయన గుర్రం దిగి మాతోపాటే నడుస్తున్నాడు. అందుకుని, మావైపు చూసి, ఇసుకలో పోసేశాడు. నేను దగ్గరి వరసలో ఉన్నాను. ఆ నీళ్ళు నేను తాగినట్టే అనిపించింది అన్నా. ఇది నువ్వు నమ్మకపోయినా పరవాలేదు. వదిన నమ్ముతుంది.

ఇప్పుడు ఇక్కడ పెళ్ళిళ్ళు. రాజు చేసుకున్నాడు, సేనానులు చేసుకున్నారు. ఇక్కడి ఆడవాళ్ళను ఇదివరకే చేసుకున్న సిపాయిల పేర్లు రాసుకుని కానుకలు ఇచ్చారు. నా పేరూ రాశారు. ఆమె పేరు ఫర్నా, బాక్ట్రా మనిషి. రొట్టె పల్చగా చేస్తుంది. నేను ఒకటంటే తను రెండంటుంది. పిల్లలు ఇద్దరు.

కొర్రాగోస్ కాలివేళ్ళు ఎలా ఉన్నాయి?

మఖాతాస్

---

ఎలిమియా కొండలు
బార్లీ కోతలు

మఖాతాస్‌కు.

లేని వేళ్ళు ఎలా ఉంటాయి? బాగానే ఉన్నాయి.

నీ ఉత్తరం పండగ దాటాక వచ్చింది. మీ వదినకు చదివి వినిపించాను. పెళ్ళీ పిల్లలూ అన్న చోట ఏడ్చింది, అది మంచి ఏడుపే. తరవాత కళ్ళు తుడుచుకుని, "నువ్వు మోకాలి గురించే కదయ్యా అడిగావు. ఏనుగు మోకాలి గురించి అంత రాశాడేంటి?" అంది.

నేను అడిగింది నువ్వు చదివావు. కుడికాలు ముందు వంగుతుందా ఎడమకాలు ముందు వంగుతుందా అని నేను అడగలేదు.

పండగ ఎలా జరిగిందో చెప్తాను. ఈసారి చుట్టు తిరగను. అందరం నడిచాం. అర్రబయోస్ బండ మీదికెక్కాడు, ఇద్దరు పట్టుకుంటే. పేర్లు పిలుస్తున్నాడు. మన దిగువింటివాడి పేరు పిలిచాడు, ఉన్నాడన్నారు. ఆ తరవాత మన ఇల్లు. నేను ఊపిరి పీల్చుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన నన్నే చూశాడు. చూసి ఎగువింటి కొర్రాగోస్ తమ్ముడి పేరు పిలిచాడు. నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ నావైపు తిరగలేదు. అంత మర్యాదగా నన్ను ఎవరూ ఎప్పుడూ చంపలేదు.

తరవాత ఆయన దగ్గరికి పోయాను. నీకు తెలుసు కదా, ఆ ముసలాయన చెడ్డవాడు కాదు. ఆయన కొడుకులు ఇద్దరు గ్రానికోస్ నది ఒడ్డున యుద్ధంలో పోయారు. "అదీమోస్, నా పిల్లలు నిటారుగా నిలబడి పోయారు. వాళ్ళ పేర్ల పక్కన బోర్లాపడ్డవాడి పేరు ఎట్లా పిలవను రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నువ్వు ఇవ్వలేదు కాబట్టి లేదు.

ఇంట్లో అరిచాను. నేనైతే తల తెగినా వంగను అన్నాను. మీ వదిన అంది: "నీకు మోకాలు నొప్పి కాబట్టి వంగవు. దాన్ని పౌరుషం అనుకోకు."

వచ్చే వసంతం ఒక్కటే మిగిలింది. రెండేళ్ళు వరసగా పిలవని పేరు మూడో ఏడు గుర్తుండదు. అది ఇక్కడి పద్ధతి. నేను ముసలివాణ్ణి, నా తరవాత ఈ ఇంట్లో "ఉన్నాడు" అనడానికి మగగొంతు లేదు. నిజం రాయి. అబద్ధమైనా రాయి, నేను దాన్ని నిజంలా చదువుతాను.

అదీమోస్

---

ఓపిస్, టైగ్రిస్ నది ఒడ్డు
ఆకులు రాలేముందు

అన్నకు.

వంగాను. కొర్రాగోస్ చూసింది నిజమే. ఎవరి ముందో వాడు చూడలేదు.

రాజు ముందు వంగే గొడవ పెద్దవాళ్ళది. విందుల్లో, పడకల మీద ఆనుకుని తాగేవాళ్ళ మధ్య నడిచింది. ఈటె పట్టేవాళ్ళను ఎవరూ అడగలేదు. అడిగుంటే నేను కింద కూర్చుని చెప్పులో రాయి ఏరుకునేవాణ్ణి.

బాక్ట్రాలో ఆ చలికాలం నాకు జ్వరం. మమ్మల్ని ఊళ్ళో ఇళ్ళకు పంచారు. నన్ను ఒక ముసలామె ఇంట్లో పడేశారు. ఆమె నన్ను చూసిన చూపుకే చావాల్సింది. కానీ రోజూ గొర్రెమాంసం ఉడికిన నీళ్ళు తెచ్చి, గిన్నె నా పక్కన ఠక్కున పెట్టి వెళ్ళేది. జ్వరం దిగాక తెలిసింది, ఆమె కొడుకు అంతకుముందు ఆకురాలు కాలంలో ఒక మట్టికోటలో పోయాడు. ఆ కోట గోడ ఎక్కింది మా దళమే. అక్కడ నా ఈటెకు ఎవరు తగిలారో నాకు తెలియదు. నేను కాదని ఆమెకు చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

ఆమె కూతురే ఫర్నా. నాకు కావాలనిపించింది. అప్పటికి మనవాళ్ళు కావాలనుకున్నవాళ్ళను ఎత్తుకుపోతున్నారు. ఎవరూ ఏమీ అనరు. నేను అడగాలనుకున్నాను. గుర్రాలు అమ్మే ఒకాయనకు రెండు భాషలూ వచ్చు, ఆయనను వెంటబెట్టుకుని వాకిట్లో నిలబడి అడిగాను.

ముసలామె అంది: "ఊరు కావాలంటే ఈటె చాలు మీకు. పిల్ల కావాలంటే మా దగ్గర నేలకి నుదురు ఆనించాలి. మీవాళ్ళకి వంగడం రాదంటగా."

రాదన్నాను.

"నా కొడుక్కీ రాలేదు. నిలబడ్డాడు. నిలబడ్డవాళ్ళని ఎక్కడ పూడ్చామో చూపించనా నీకు?"

నేను చాలాసేపు నిలబడ్డాను అన్నా. గుర్రాలాయన దగ్గాడు, ఇంక పోదామా అన్నట్టు. నువ్వు గుర్తొచ్చావు. నాన్న గుర్తొచ్చాడు. అర్రబయోస్ బండ గుర్తొచ్చింది. వాకిలి మంచు కరిగి బురదగా ఉంది. వంగాను. నుదురు ఆనించాను. ఆమె వెంటనే లెమ్మనలేదు. నేనూ లేవలేదు. వాకిలి తలుపు తీసే ఉంది, వీధిలో కొర్రాగోస్ పోతున్నాడు. వాడి చెప్పులు గుర్తుపట్టాను, నేలకు దగ్గరగా ఉన్నాను కదా. వాడు ఆగాడు, పిలవలేదు, వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. అంతే. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తెలుస్తుంది.

మా పిల్లవాడికి ఆ పోయినవాడి పేరే పెట్టాం. వక్షు. ఫర్నా అడగలేదు. నేనే అన్నాను.

నీకు ముందే ఎందుకు రాయలేదంటే, వంగింది రాజు ముందు కాదని రాస్తే ఒక్క మాటతో పోయేది. మరి ఎవరి ముందని అడుగుతారు. మా అత్త సంగతి మీ తాగుబోతు కబుర్ల మధ్య పడటం నాకు ఇష్టం లేకపోయింది. ఆమె పోయిన శీతాకాలం చనిపోయిందని కబురొచ్చింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఇక్కడి సంగతి. ముసలి సిపాయిలను, దెబ్బలు తిన్నవాళ్ళను ఇంటికి పంపుతానని రాజు ప్రకటించాడు. మేము అరిచాం, మాతో పని తీరిందా అని. పెద్ద గొడవైంది. గొర్రెతోళ్ళు కట్టుకున్న మిమ్మల్ని మా నాన్న మనుషుల్ని చేశాడని ఆయన మా ముఖం మీదే అన్నాడు. నిజమే కదా, నువ్వూ అదే రాశావు. తరవాత మా ఆయుధాలన్నీ ఆయన గుమ్మం ముందు పడేసి కూర్చున్నాం. ఆయన బయటికొచ్చి మమ్మల్ని చుట్టాలన్నాడు. ముద్దు పెట్టుకోనిచ్చాడు. అందరూ ఏడ్చారు. మావాళ్ళూ పర్షియావాళ్ళూ ఒకే గిన్నెలోంచి ముంచుకుని తాగిన విందు జరిగింది. నేను తాగాను. బాగుంది.

పోయేవాళ్ళ జాబితాలో నా పేరుంది. కానీ ఇక్కడి ఆడవాళ్ళకు పుట్టిన పిల్లల్ని వెంట తీసుకుపోకూడదు, అక్కడి ఇళ్ళలో తగువులు వస్తాయని. వాళ్ళను మాసిడోనియా పద్ధతిలో తానే పెంచి తెస్తానని రాజు మాటిచ్చాడు. ఆయన మాట మీద నాకు అనుమానం లేదు. నా పిల్లలను ఇంకొకరు పెంచడం మీద నాకు మనసు లేదు. ఉండిపోతానని అడిగాను. సరేనన్నారు.

కాబట్టి నేను రాను అన్నా. మన ఊరికి రాగలిగింది నా పేరు ఒక్కటే. దాన్ని రానియ్యండి. కానీ అబద్ధం మీద వద్దు. వంగలేదని చెప్పి పిలిపించావంటే, ఆ పిలుపు నాది కాదు.

మఖాతాస్

---

ఎలిమియా కొండలు
క్సాందికోస్ నెల

తమ్ముడు మఖాతాస్‌కు, మరదలు ఫర్నాకు, పిల్లలకు అదీమోస్ రాసేది.

నీ ఉత్తరం చలికాలమంతా నా దగ్గర పెట్టుకున్నాను. మీ వదినకు మొదటి రోజే చదివాను. ఆమె పెరట్లోకి పోయి చాలాసేపు కట్టెలు కొట్టింది. అవసరం లేనన్ని కట్టెలు. లోపలికొచ్చి, "ఆ చనిపోయినావిడ పేరు రాయలేదేంటి నీ తమ్ముడు" అంది. నిజమే, రాయలేదు. ఈసారి రాయి. ఇక్కడ తెలుసుకోవాలనుకునేవాళ్ళున్నారు.

నేనేం చేయాలో నాకు తెలియలేదు. రాజు ముందు కాదని ఒక్క మాట అంటే సరిపోతుందని ఒక రోజు, మొత్తం చెప్పాలని ఒక రోజు. మధ్యలో ఒక పంది వచ్చి ముల్లంగి మడి తవ్వేసింది, దాని వెనక పడి రెండు రోజులు పోయాయి. ముసలివాడికి పంది కూడా ఒక ఊరట.

పండగనాడు నడక అయ్యింది. అర్రబయోస్ బండెక్కకముందే నేను టోపీ తీశాను. టోపీ తీసినవాడి మాట వినాలి, అది రాజుకైనా తప్పదు. మగవాళ్ళంతా ఈటెలు నేలకు ఆనించి నిలబడ్డారు. ఆడవాళ్ళు గోడ దగ్గర.  

ముందు కొర్రాగోస్‌ను అడిగాను, ఆ వాకిట్లో రాజును చూశావా అని.  వాడి గురించి ఇదివరకు రాసిన మాటల్లో కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. వాడు అబద్ధాలకోరు కాదు. "చూడలేదు. తలుపులోంచి వీడి వీపొక్కటే కనిపించింది. మనిషి అట్లా పడ్డాడంటే ఎదురుగా ఉన్నది రాజే అయ్యుంటాడనుకున్నా. ఇంకెవరి ముందు పడతాడు?" అన్నాడు. చుట్టూ తలలు ఊగాయి. వాళ్ళనూ తప్పుపట్టను. నేనూ అదే అనుకున్నాను. వంగడమంటే మనకు ఒకటే తెలుసు, అదీ మనం చేయనిది కాబట్టి.

అప్పుడు చెప్పాను. మొత్తం. గొర్రెమాంసం నీళ్ళు, మట్టికోట, బురద, తల మీద చెయ్యి. నీలాగా పొట్టిగా చెప్పడం నాకు రాదు, దారిలో గుర్రాలాయన దగ్గిన దగ్గు కూడా దగ్గి చూపించాను. ఎవరూ నవ్వలేదు. నువ్వు రానన్నదీ చెప్పాను. దాచి ఉంటే తేలికయ్యేది.

అర్రబయోస్ కర్ర మీద రెండు చేతులూ పెట్టి విన్నాడు. "వంగాడు కదా మరి" అన్నాడు.

వంగాడన్నాను. పర్షియా రాజు దరియస్ సేన మొత్తం వచ్చి వంచలేని మెడ అది, ఏనుగులు వంచలేదు, ఎడారి వంచలేదు, ఒక తల్లి అడిగితే వాడే వంచాడు. దీంట్లో సిగ్గుపడాల్సిన మాట ఏదో నాకు చూపించండి, నేను ఇంటికి పోతాను అన్నాను. ఇంకా ఏదో అన్నాను, గుర్తులేదు. ఎలిమియా పేరు చాలాసార్లు ఎత్తినట్టున్నాను.

వెనక నుంచి ఎవడో అన్నాడు, రాని మనిషిని ఉన్నాడని ఎలా అంటావు అని. దానికి నా దగ్గర జవాబు ఉంది. ఫిలిప్ రాజు రోజుల్లో మనవాళ్ళు కొండ అవతల ఉంటే కూడా ఇదే పిలుపు పిలిచాం. ఇప్పుడు మనవాళ్ళు ఉన్నచోటు దూరమైంది. దూరం పెరిగిందంటే రాజ్యం పెరిగింది, మనవాడు తగ్గలేదు అన్నాను. ఒకడు ఈటె కర్రతో డాలు కొట్టాడు. తరవాత కొందరు కొట్టారు. అందరూ కొట్టలేదు, అబద్ధం ఎందుకు.

అర్రబయోస్ ఏమీ తేల్చలేదు. ముసలాయన గోడ వైపు తిరిగి మీ వదినను పిలిచాడు. మగవాళ్ళ సభలో ఆయన ఆడమనిషిని పిలవడం నేనెప్పుడూ చూడలేదు.

"క్లీనో, గ్రానికోస్ దగ్గర నా పిల్లల్ని చంపినవాళ్ళలో ఎవడైనా వచ్చి నా ఇంటిదాని ముందు అట్లా పడుంటే, ఆమె ఏం చేసుండేది?"

ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. మీ వదినకు ఆమె అక్కలాంటిది. 

"ముందు తన్నేది మామా" అంది. "తరవాత అన్నం పెట్టేది."

ఆయన కర్ర పక్కవాడి చేతికిచ్చాడు. ఇద్దరు పట్టుకుంటే బండెక్కాడు.

మీ రాజు బాబిలోన్ చేరాడని, అరేబియా మీదికి ఓడలు కట్టిస్తున్నాడని ఇక్కడ అనుకుంటున్నారు. ఆయనకు ఇంకా ముప్పై మూడు నిండలేదు. ఆ వయసుకు నాకు ఒక మోకాలు, పాతిక గొర్రెలు ఉండేవి. ఇంకా ఎంత లోకం చూస్తారో మీరు. పడమర కూడా మిగిలే ఉంది, ఆయన అటు తిరిగితే మన కొండ దారిలోనే పడుతుంది. పిల్లలను ఎత్తుకుని దారి పక్కన నిలబడితే చాలు, నేను గుర్తుపడతాను. వక్షుకు చెప్పు, ఇక్కడ వాడికి పెదనాన్న ఉన్నాడు, చెడ్డ మోకాలు, మంచి గొంతు.

అర్రబయోస్ పేర్లు పిలిచాడు. దిగువింటి పేరు పిలిచాడు, ఉన్నాడన్నారు. తరవాత నీ పేరు పిలిచాడు. ఉన్నాడన్నాను. తరవాత ఎగువింటి పేరు పిలిచాడు.

పేర్లయ్యాక అందరం తినడానికి కూర్చున్నాం. కొర్రాగోస్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఉప్పు అడిగాడు. ఇచ్చాను.

అదీమోస్